'సరే మేడమ్': ఒక లేత్ మేస్త్రి రాత నేర్చుకున్న ఏడాది (కేస్ స్టడీ)

ఆ నోట్‌బుక్ మొదటి పేజీని ఫొటో తీసి దాచుకున్నాను. మొత్తం తొమ్మిది లైన్లు. ఆరు చోట్ల వైట్‌నర్ పూసి, ఆరాక దాని మీద మళ్ళీ రాశారు. రెండు చోట్ల వైట్‌నర్ మీద వైట్‌నర్ పడి కాగితం అట్టలా గట్టిపడింది, తడిమితే వేలికి తగులుతుంది. నలభై నిమిషాల్లో రాసింది అంతే. రాసినది తక్కువ, చెరిపినది ఎక్కువ.

చెన్నైలో ఒక కాలేజీలో దూరవిద్య డిగ్రీ వాళ్ళకి శని, ఆదివారాల్లో పార్ట్-1 తెలుగు చెబుతాను. తమిళనాడు డిగ్రీల్లో పార్ట్-1 ఒక భాష, పార్ట్-2 ఇంగ్లిష్, ఆ తర్వాత అసలు సబ్జెక్టులు. పార్ట్-1 కింద చాలామంది తమిళమే తీసుకుంటారు, మనవాళ్ళు కొద్దిమంది తెలుగు తీసుకుంటారు. ఆ ఏడు నా క్లాసులో పందొమ్మిది మంది ఉన్నారు. నలభై దాటినవాళ్ళు ముగ్గురు, వాళ్ళలో ఒకరి గురించే ఇది. ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు వద్దన్నారు, షాపులో అందరూ పిలిచేదే ఇక్కడ కూడా రాయమన్నారు. అందుకని మేస్త్రి అనే అంటాను.

ఆయన మనిషి సంగతి

వయసు నలభై ఆరు. సొంతూరు నగరి పక్కన. నాయన మరమగ్గాల మీద పనిచేసేవాడు. అమ్మది తిరుత్తణి వైపు. 1960 ఏప్రిల్‌లో సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది, నగరి ఆంధ్రలోనే ఉండిపోయింది. ఆ విధంగా ఆయన ఇంట్లో అమ్మ చదివింది తమిళ బడి, నాయన చదివినంతలో తెలుగు బడి. మేస్త్రి పదో తరగతి దాకా తెలుగు మీడియం, తిరుపతిలో ఐటీఐ టర్నర్, ఆ తర్వాత అప్రెంటిస్‌గా మద్రాసు. అప్పట్నించీ అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనే. లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ మీద పని: మొదట చేత్తో నడిపేది, ఇప్పుడు కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ. కాపురం పెరంబూరులో, పట్టరవాక్కం స్టేషన్లో దిగి నడిచి వెళ్తారు.

ఇరవై ఎనిమిదేళ్ళలో తెలుగులో ఏం రాశారని అడిగితే కాసేపు ఆలోచించి, "పెండ్లి పత్రికల మీద పేర్లు" అన్నారు.

డిగ్రీ ఎందుకని అందరినీ అడుగుతాను. కుర్రాళ్ళు ఉద్యోగం అంటారు. మేస్త్రి చెప్పింది వేరు. ఎక్కడైనా పీసులు రిజెక్ట్ అయితే కస్టమర్‌కి వై-వై రిపోర్ట్ పంపాలి. తప్పు ఎందుకు జరిగింది, దానికి కారణమేంటి, ఆ కారణానికి కారణమేంటి, ఇలా ఐదు మెట్లు దిగాలి. కారణం కనిపెట్టేది మేస్త్రి, రిపోర్ట్ రాసేది డిప్లొమా చదివిన కుర్రాడు. ఒకసారి ఆ కుర్రాడు రాసిన దాంట్లో ఐదో మెట్టు దగ్గర 'ఆపరేటర్ అజాగ్రత్త' అని తేలింది. ఆ ఆపరేటర్ మేస్త్రి కింద పనిచేసే పిల్లాడు. తప్పు వాడిది కాదని మేస్త్రికి తెలుసు. మీటింగులో నోటితో చెప్పారు. "కాగితంలో లేదే" అన్నారట. నలభై నాలుగో ఏట ఓపెన్ స్కూల్లో ప్లస్ టూ కట్టింది ఆ మాట విన్నాకే.

అది ఇంగ్లిష్ కాగితం కదా, మరి తెలుగు క్లాసు దేనికి పనికొస్తుంది అని నేనే అడిగాను. "ముందు ఒక భాషలో అయినా రాయడం వస్తే కదా మేడమ్" అన్నారు. ఆయనకి తెలుగు, తమిళం, పనికి సరిపడా ఇంగ్లిష్, సౌకార్‌పేట సేట్లతో మాట్లాడే హిందీ వచ్చు. నాలుగు భాషలు పెట్టుకుని, రాతకి ఒక్కటీ తనది కాదనుకున్న మనిషి.

మొదటి నెల, నా పొరపాటు

ఆ తొమ్మిది లైన్ల వ్యాసం 'మా ఊరు' గురించి. కొంత ఇక్కడ ఇస్తున్నాను:

'మా ఊరు యొక్క పేరు నగరి. మా ఊరి యందు మరమగ్గములు కలవు. ప్రజలు కలిసి మెలిసి జీవించుచున్నారు. ప్రబుత్వ అదికారులు మాకు అనేక సౌకర్యములు కలుగజేయవలెనని కోరుచున్నాను.'

దాన్ని నేను ఎర్ర పెన్నుతో దిద్దాను. పద్నాలుగేళ్ళ అలవాటు. తిరిగి ఇచ్చాక లెక్కపెడితే నలభై మూడు గుర్తులు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ వివరించాను కూడా. ప్రతిదానికీ ఆయన "సరే మేడమ్" అన్నారు. ఎంత శ్రద్ధగా విన్నారో అని సంతోషించాను. తర్వాత రెండు ఆదివారాలు ఆయన రాలేదు.

ఇప్పుడు ఈ కేసు గురించి ఎవరికి చెప్పినా ముందు ఆ 'సరే మేడమ్' గురించే చెబుతాను. వయసు మీద పడ్డాక చదువుకి వచ్చినవాళ్ళ నోట ఆ మాట మనం అనుకునే అర్థంలో రాదు. 'మీరు చెప్పింది అర్థమైంది' అని కాదు, 'నాకు తెలియదని నాకు ముందే తెలుసు, తొందరగా కానివ్వండి' అని. దిద్దుబాటులో సగం తప్పని నేనే తర్వాత గ్రహించాను. ఒక్క దానిమీదైనా ఆయన 'అట్లా కాదు మేడమ్' అని ఉంటే ఆ రోజే తెలిసేది.

రెండు ఆదివారాలూ ఖాళీ కుర్చీ చూసి ఆ పేజీ మళ్ళీ ముందేసుకున్నాను. 1970లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ ప్రవేశాల తలుపులు బార్లా తెరిచినప్పుడు, ఇళ్ళలో ఎవరూ కాలేజీ మొహం చూడని వేలమంది క్లాసుల్లోకి వచ్చారు. అక్కడ రాత నేర్పిన మినా షాగ్నెస్సీ అలాంటివాళ్ళ ప్రవేశ వ్యాసాలు దాదాపు 4,000 చదివింది. తప్పులు అడ్డదిడ్డంగా పడవనీ, ప్రతి తప్పు వెనకా రాసినవాడి లెక్క ఒకటి ఉంటుందనీ ఆమె చెప్పింది. ఆ మాట క్లాసుల్లో నేను ఎన్నోసార్లు చెప్పి ఉంటాను. నా ఎర్ర పెన్నుకి మాత్రం చెప్పలేదు.

నలభై మూడు గుర్తుల్నీ విడదీసి చూస్తే మూడు కుప్పలయ్యాయి.

మొదటి కుప్ప ఒత్తులది. ప్రబుత్వం, అదికారి, బాద, కర్చు, ముక్యం. పదోతరగతి దాకా తెలుగు చదివినవాడికి ఇవి రాకపోవడం ఏమిటని మొదట అనిపించింది. కానీ గత ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన చేత్తో రాసిందంతా తమిళ లిపి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. పదం మొదట్లో ఉందా, మధ్యలో ఉందా, ముందు అనునాసికం ఉందా అన్నదాన్ని బట్టి చదివేవాడి నోరే మార్చుకుంటుంది. ఆ లిపికి అలవాటైన చెయ్యి తెలుగులోకి వచ్చేసరికి ఒత్తు పెట్టడం మరిచిపోయింది, అంతే. ఇవి నిజంగా తప్పులు, దిద్దాలి. నిదానంగా దిద్దినా ఫరవాలేదు.

రెండో కుప్ప 'యొక్క', 'యందు', 'జీవించుచున్నారు', 'కలుగజేయవలెను'. ఇవి వ్యాకరణం ప్రకారం తప్పులు కానేకావు. ఇవి భయం. ఇంటికి పెద్దమనిషి వస్తే చిరిగిన చాప మీద దుప్పటి కప్పుతాం చూడండి, అట్లాంటివి. నగరిలో పుట్టి పెరిగిన మనిషి నగరి గురించి రాస్తూ ఒక్క నిజమైన సంగతి రాయలేదు. మరమగ్గం చప్పుడు కూడా లేదు ఆ తొమ్మిది లైన్లలో. నేనేమో దుప్పటి మడతలు సరిగ్గా లేవని దిద్దుతూ కూర్చున్నాను.

మూడోది చిన్న కుప్ప. 'పొయ్యి వచ్చినాను', 'చెప్తా ఉండారు' అని ఆయన మాట అక్కడక్కడ జారి బయటపడింది. వాటినీ నేను కొట్టేశాను. అసలు ఆ పేజీలో బతికి ఉన్నవి అవే.

లాగ్ బుక్

మూడో ఆదివారం వచ్చారు. నైట్ షిఫ్ట్ పడింది మేడమ్ అన్నారు. నిజమో కాదో నేను అడగలేదు. ఎర్ర పెన్ను మాత్రం తీయలేదు. వారం మొత్తంలో ఏమేం రాస్తారో చెప్పమన్నాను.

"ఏమీ రాయను మేడమ్."

"షిఫ్ట్ మారేటప్పుడు తర్వాత వచ్చేవాళ్ళకి ఏం చెప్పాలో ఎక్కడ పెడతారు?"

"అది లాగ్ బుక్. అది రాయడం కాదు కదా."

బుక్కు బయటికి తేకూడదు కాబట్టి, ముందు రాత్రి రాసినది గుర్తున్నంత మేర తెలుగులో చెప్పమన్నాను. తమిళ అక్షరాల్లో, సగం ఇంగ్లిష్ పేర్లతో రాసినదాన్ని ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను:

'3వ మెషిన్. 25 డయా సాయంత్రం నుంచి ప్లస్‌కి పోతా ఉంది. ఆఫ్‌సెట్ రెండుసార్లు ఇచ్చినా. మూడోసారి ఇవ్వద్దు, ఇన్సర్ట్ మార్చు. ట్రేలో పైవరస 12 పీసులు చెక్ చెయ్యలేదు, మంచివాటిలో కలపొద్దు. కూలెంట్ వాసన కొడతా ఉంది. స్టోర్స్‌లో చెప్పినా, నువ్వు కూడా చెప్పు.'

ఆ పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. కోసే ఇన్సర్ట్ మొన అరిగేకొద్దీ పీసు డయా, అంటే అడ్డుకొలత, పెరుగుతూ పోతుంది. మెషిన్‌కి సవరింపు (ఆఫ్‌సెట్) ఇచ్చి కాస్త లాక్కురావచ్చు, కానీ ఎల్లకాలం కాదు. 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి గట్టి కొలత అడిగితే 13 మైక్రాన్ల లోపల నిలబడాలి, అంటే వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా ఉండదు. ఆ లెక్క పోతే ట్రే మొత్తం తుక్కు.

ఇప్పుడు ఆ లైన్లు మళ్ళీ చూడండి. ఎవరు చదువుతారో రాసినవాడికి తెలుసు. ఆ చదివేవాడు ఏ పొరపాటు చేస్తాడో ముందే తెలుసు: మూడోసారి కూడా ఆఫ్‌సెట్ ఇచ్చేస్తాడు. అందుకే ఆ మాట అక్కడ పడింది. ఏది ముందు చెప్పాలో తెలుసు. ఎక్కడ ఆపాలో కూడా తెలుసు. ఒక్క 'యొక్క' లేదు. నా క్లాసులో పందొమ్మిది మందిలో ఇంత సూటిగా రాసినవాళ్ళు ఆ నెలలో మరొకరు లేరు. ఇదే మాట ఆయనతో అన్నాను. నమ్మలేదు. మర్యాదకి అంటున్నానని అనుకున్నారేమో, "సరే మేడమ్" అన్నారు.

పొగడ్తతో పని జరగదని అక్కడ తెలిసింది. పెద్దవాళ్ళు పొగడ్తని చిల్లరలా లెక్కపెట్టి చూస్తారు.

రఫ్ కట్

ఆ తర్వాత మూడు వారాలు నేను పెట్టిన పద్ధతి పది నిమిషాలు ఆపకుండా రాయడం. పెన్ను ఎత్తకూడదు, వెనక్కి చదవకూడదు, వైట్‌నర్ బల్ల మీద ఉండకూడదు. రాత నేర్పేవాళ్ళందరికీ తెలిసిన పద్ధతే, కుర్రాళ్ళ దగ్గర బాగా పనిచేస్తుంది. మేస్త్రి దగ్గర ఘోరంగా దెబ్బతింది. పది నిమిషాల్లో 'ఏం రాయాలో తెలియడం లేదు' అని ఆరుసార్లు రాశారు. ఆరోసారి మాత్రం 'తెలీలే' అని వచ్చింది. నేను ఆ ఒక్క మాట చూసి సంబరపడ్డాను, ఆయన మాత్రం చెమటలు తుడుచుకున్నారు.

ఎందుకింత కష్టమని అడిగితే ఆయన చెప్పిన జవాబు నా దగ్గర ఉన్న పుస్తకాల్లో ఎక్కడా లేదు. "లేత్ మీద కోసిన మెటల్ మళ్ళీ అతకదు మేడమ్. ఒక్క కట్ ఎక్కువైతే పీసు పోయినట్టే. ఇరవై ఎనిమిదేళ్ళు అదే పని. పెన్ను పెట్టంగానే చెయ్యి బిగుసుకుంటుంది."

అది పిరికితనం కాదని, తర్ఫీదు అని అప్పుడు అర్థమైంది. ఆ చెయ్యి జాగ్రత్తకి జీతం తీసుకుంటుంది. మరి లేత్ మీద కూడా మొదటి కట్‌లోనే కొలతకి తెస్తారా అని అడిగాను. ఆయన నావైపు చూసి, కొంచెంసేపు మాట్లాడలేదు. "లేదు. రఫ్ కట్‌లో అర మిల్లీమీటరు వదిలిపెట్టి కొడతాం. ఫినిషింగ్ తర్వాత." ఇంకాసేపు ఆగి, "ఇది రఫ్ కట్ అనుకోవచ్చా?" అన్నారు. అనుకోండి అన్నాను.

ఆ రోజు నుంచి నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద 'రఫ్' అని తమిళంలో రాసుకునేవారు, కుడి పేజీ మీద 'ఫినిష్'. ఎడమ పేజీలో వైట్‌నర్ మళ్ళీ కనబడలేదు. కుడివైపు ఇప్పటికీ వాడతారు, వాడనివ్వండి.

ఒత్తుల సంగతి కూడా ఆయనే తన దారిలో సర్దుకున్నారు. తరచూ తప్పే ఇరవై మాటలు ఒక అట్టముక్క మీద రాసి జేబులో పెట్టుకున్నారు. దాని పేరు 'గో, నో-గో'. షాపులో రంధ్రం కొలత సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి గేజ్ దూర్చినట్టు, ఫినిష్ పేజీలో మాటకి ఆ అట్ట ఆనించి చూడడం. సూత్రాలు చెప్పబోతే, వద్దులెండి మేడమ్ అన్నారు. ఆయన నాకు వద్దని చెప్పిన మొదటి మాట అదే, చిన్నదే అయినా నేను తేదీ వేసి రాసుకున్నాను.

నీళ్ళ వ్యాసం

సిలబస్‌లో 'నీటి ఎద్దడి' మీద వ్యాసం ఉంది. క్లాసులో సగం మంది ఏం రాస్తారో రాయకముందే చెప్పగలను. మేస్త్రి మొదటి ప్రతి కూడా అంతే: 'నీరు అనునది మానవ జీవితమునకు మిక్కిలి ముఖ్యమైనది. కావున మనమందరము నీటిని పొదుపు చేయవలెను.' దుప్పటి మళ్ళీ వచ్చేసింది. రఫ్ కట్ అలవాటు ఊరి కబుర్లకి పనికొచ్చింది గానీ, 'వ్యాసం' అనే మాట వినగానే చెయ్యి పాత చోటికే పోయింది. ఇది చెప్పడం ముఖ్యం. ఇలాంటి కేసుల్లో మనిషి మెట్లెక్కినట్టు పైకి పోడు. రెండు ఎక్కి ఒకటి జారతాడు, కొన్నిసార్లు మూడూ జారతాడు.

వై-వై ఇక్కడ పెట్టి చూద్దామన్నాను. ఆ పద్ధతి టొయోటా వాళ్ళది. అందులో తైచి ఓనో చెప్పిన ఉదాహరణ ఒకటి షాపుల్లో అందరికీ వచ్చు. మెషిన్ ఆగింది, ఎందుకు? లోడ్ ఎక్కువై ఫ్యూజ్ పోయింది. లోడ్ ఎందుకు ఎక్కువైంది? బేరింగుకి నూనె అందలేదు. ఎందుకు అందలేదు? పంపు సరిగ్గా తోడడం లేదు. ఎందుకు? పంపు షాఫ్ట్ అరిగింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజ్ మార్చి ఊరుకుంటే మళ్ళీ పోతుంది. ఇది నాకు బోర్డు మీద వేసి వివరించింది మేస్త్రే. క్లాసు మొత్తానికి ఆ పది నిమిషాలు పాఠం చెప్పింది ఆయన. చెబుతున్నంతసేపూ గొంతులో వణుకు లేదు.

ప్రతి జవాబూ తర్వాతి ప్రశ్నకి తాడు కడుతోంది చూశారా, పేరా అంటే ఇదే అన్నాను. ఒక వాక్యం చదివినవాడు 'ఎందుకు' అనో 'తర్వాత' అనో అడుగుతాడు, మీ తర్వాతి వాక్యం దానికి జవాబు. జవాబు కాకపోతే ఆ వాక్యం అక్కడిది కాదు.

వారం తర్వాత తెచ్చిన ప్రతి ఇలా మొదలైంది:

'2019 జూలైలో నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోతా ఉంటే విల్లివాక్కంలో నీళ్ళ రైలు చూసినాను. జోలార్‌పేట నించి వచ్చింది. 50 ట్యాంకర్లు. జనం ఫొటోలు తీస్తా ఉండారు. మా వీధిలో పదకొండు రోజులుగా కొళాయి రాలేదు. ఎందుకు రాలేదు?'

అక్కడ్నించి దిగుతూ పోయారు. కొళాయి ఎందుకు రాలేదంటే పైపుల్లో నీళ్ళు కోసేశారు. ఎందుకంటే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ ఎండిపోయాయి. ఎందుకంటే 2018లో ఐప్పసి, కార్తీక మాసాల (అక్టోబర్-డిసెంబర్) వానలు సరిగ్గా పడలేదు. మరి కండలేరు నించి పూండికి వచ్చే కృష్ణా నీళ్ళు? మన వైపు నించే కాలువ వస్తుంది కదా? ఇక్కడ ఆయన ఆగిపోయారు. 'కాలువలో నీళ్ళు ఎందుకు తక్కువగా వచ్చినాయో నాకు తెలీదు. తెలుసుకుని రాస్తాను' అని వ్యాసం ముగించేశారు.

పొదుపు చేయవలెను అన్న వాక్యం లేదు. మూడో, నాలుగో మెట్టు దగ్గర తెలియనిది తెలియదని రాయగలిగిన వ్యాసానికి నేను ఇచ్చే మార్కులు, పరీక్ష పేపర్ దిద్దేవాళ్ళు ఇచ్చే మార్కులు ఒకటి కావు. ఆ సంగతి దాచకుండా చెప్పాను. పరీక్షలో ముగింపు అడుగుతారు మేస్త్రి గారూ, ఒకటి పెట్టుకోండి అన్నాను. "అది ప్యాకింగ్ లాంటిది, పెడతాను" అన్నారు.

యాస

ఆ వ్యాసం ఆయన చేతే చదివించాను. 'పోతా ఉంటే', 'తీస్తా ఉండారు' దగ్గర వెనక బెంచీలో ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. చెన్నైలోనే పుట్టిన పిల్లాడు, టీవీ తెలుగే తెలుగనుకుంటాడు. మేస్త్రి చదవడం ఆపలేదు గానీ గొంతు తగ్గింది. ముందు బెంచీలో కూర్చునే నెల్లూరావిడ, యాభై దాటిన గృహిణి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా, "పదకొండు రోజులు నీళ్ళు లేకుండా ఇంట్లో ఎట్లా సర్దుకున్నారు? అది రాయలేదే" అంది. మేస్త్రి పేజీ మీంచి తలెత్తి ఆమెకి జవాబు చెప్పారు. రాత్రి రెండింటికి లారీ వస్తే బిందెలతో లైను, నైట్ షిఫ్ట్ ఉన్న వారం భార్య ఒక్కతే. క్లాసు మొత్తం వింది, నవ్విన కుర్రాడు కూడా. నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. నా ఎర్ర పెన్ను ఒక నెలలో ఇవ్వలేనిది ఆవిడ ఒక్క ప్రశ్న ఇచ్చింది. రాసింది చాలక ఇంకా కావాలని అడిగిన మనిషి ఆయనకి అంతకుముందు దొరకలేదు.

తర్వాతి వారం మాత్రం ఒక పావుగంట ఆ విషయం మాట్లాడాను. మనం కూర్చున్న ఈ ఊళ్ళోనే, ఈ విశ్వవిద్యాలయంలోనే, చదువుకునేవాళ్ళు మాట్లాడే తెలుగులో రాయవచ్చా లేదా అని వందేళ్ళ కిందట పెద్ద తగువు జరిగింది. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చింది దానిమీదే. గిడుగు జీవితమంతా దానికే పోయింది. వాళ్ళు గెలిచారు కాబట్టే ఇవాళ మనం 'జీవించుచున్నారు' అని రాయక్కర్లేదు. అయితే గెలిచిన వాడుకభాష ఎక్కువగా కోస్తా జిల్లాలదనీ, నగరి మాటకి అందులో ఇంకా సగం కుర్చీయే దొరికిందనీ కూడా చెప్పాను. అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. పరీక్షలో అందరూ రాసే రూపం, తన సంగతి తాను రాసుకునేటప్పుడు తన రూపం. ఏది ఎక్కడో తెలిసి రాయాలి, తెలియక జారకూడదు. ఆయనకి ఈ లెక్క వెంటనే పట్టింది. ఒకే డ్రాయింగుకి ఇద్దరు కస్టమర్లు రెండు రకాల టాలరెన్సులు (కొలతలో ఒప్పుకునే తేడాలు) అడగడం ఆయనకి రోజూ ఉండేదే.

ఏం మారింది, ఏం మారలేదు

రాత అంటే ఎంత జంకు ఉందో కొలవడానికి 1975లో డేలీ, మిల్లర్ అనే ఇద్దరు తయారుచేసిన ప్రశ్నావళి ఒకటి ఉంది. 26 వాక్యాలు, ఒక్కోదానికి ఎంతవరకు ఒప్పుకుంటారో ఐదు గళ్ళలో ఒకటి ఎంచుకోవాలి. నేను దాన్ని తెలుగులోకి మార్చుకుని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఇస్తాను. మేస్త్రి అంకె పెరిగింది, అందులో అంకె పెరిగితే జంకు తగ్గినట్టు. ఒక మనిషి మీద ఆ అంకెకి నేను పెద్ద విలువ ఇవ్వను. కానీ మొదటిసారి అన్ని గళ్ళూ బుద్ధిగా నింపిన మనిషి, రెండోసారి 'నేను రాసింది ఇతరులు చదువుతారంటే నాకు భయం' అన్న వాక్యం దగ్గర ఏ గడీ నింపలేదు. పక్కన చిన్న అక్షరాలతో, 'ఎవరు చదువుతారు అన్నదాన్ని బట్టి' అని రాశారు. అంకె కన్నా నాకు అదే కావాలి.

ఒత్తులు ఇప్పటికీ పోతాయి. అట్ట మీది ఇరవై మాటలూ నిలబడ్డాయి, అట్ట మీద లేనివి నిలబడలేదు. మొన్న పంపిన మెసేజీలో కూడా 'దన్యవాదాలు'. నిడివి కూడా పెద్దగా పెరగలేదు, ఒకటిన్నర పేజీ దాటితే చెయ్యి ఆగిపోతుంది. పార్ట్-1 పాసయ్యారు. పార్ట్-2 ఇంగ్లిష్ మొదటిసారి పోయింది, మళ్ళీ కట్టారు.

షాపు సంగతి ఆయన చెప్పినంతే నాకు తెలుసు. ఏడాది చివర్లో ఒక రిజెక్షన్ వచ్చింది. వై-వై మొత్తం ముందు తమిళంలో రఫ్ కొట్టి, దాన్ని చిన్నచిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా మార్చి, డిప్లొమా కుర్రాడికి ఇచ్చి స్పెల్లింగు మాత్రం చూడమన్నారట. కుర్రాడు నాలుగో మెట్టు మార్చబోతే, "స్పెల్లింగు చూడు, కారణం చూడొద్దు" అన్నారట. సూపర్‌వైజర్ పోస్టు రాలేదు. అది డిగ్రీ పూర్తయ్యాక మాట.

చివరి అసైన్‌మెంటు 'మరిచిపోలేని ఒక సంఘటన'. పదిహేడేళ్ళప్పుడు మద్రాసు పోతానని నాయనకి చెప్పిన రోజు గురించి రాశారు. ఒకటింబావు పేజీ. మగ్గాల షెడ్డు, చప్పుడుకి మాటలు వినబడక సైగలతో మాట్లాడుకోవడం, పేక దారం తెగిన మగ్గాన్ని నాయన ఆపకుండా అట్లానే చూస్తూ నిలబడడం. అందులో ఒక వాక్యం: 'ఆ పొద్దంతా మా నాయన నాతో మాట్లాడలేదు.'

ఇప్పుడు నాది పెన్సిలు. అయినా పాత చెయ్యి ఊరుకోలేదు. 'పొద్దంతా' కింద గీత గీసి పక్కన 'రోజంతా' అని రాసి ఇచ్చాను. ఫినిష్ ప్రతి వారానికి తిరిగొచ్చింది. మిగతా దిద్దుబాట్లు రెండు తీసుకున్నారు, ఈ మాట దగ్గర 'పొద్దంతా' అనే ఉంది. మార్జిన్‌లో, లాగ్ బుక్‌లో రాసే చేతివాటంతో:

'రోజంతా అంటే రాత్రి కూడా వచ్చేస్తుంది మేడమ్. రాత్రి మాట్లాడినాడు. మార్చొద్దు.'

రబ్బరు తీసుకుని నా మాట చెరిపేశాను.